నీలం లైటుకు కారణం

ఇప్పుడైతే ఇంటర్నెట్ కొళాయి తిప్పితే నీళ్ళొచ్చినట్టు వస్తోంది గానీ, నేను దొరవారిసత్రంలో అద్దెకున్న కాలంలో అది అలిగిన అల్లుడిలా ఉండేది. ఎప్పుడొస్తుందో, వచ్చాక ఎంతసేపు కూర్చుంటుందో, ఏ మాటకు లేచిపోతుందో ఎవరికీ తెలియదు. దాన్ని పిలవడానికి వేలెడంత డాంగిల్ ఒకటుండేది. అందులో సిమ్ కార్డు పెట్టి ల్యాప్‌టాప్‌కు గుచ్చితే, కాసేపు ఆలోచించి లైటు వెలిగించేది. ఎర్రలైటయితే సిగ్నల్ లేనట్టు. పచ్చలైటయితే ఉన్నట్టే గానీ, ఒక పేజీ తెరుచుకునేలోగా కాఫీ కాచుకుని తాగి రావచ్చు. నీలం లైటు వెలిగిందంటే మాత్రం ఆ రోజు పండగే. ఆ నీలం లైటు గురించి మా ఇంట్లో ఒక కథ చలామణీలో ఉంది. పెళ్ళికి ముందు నేను సొంత తెలివితో ఒక ఇనప రేకును ఏటవాలుగా నిలబెట్టి, గాల్లో పోయే సిగ్నల్‌ను గదిలోకి మళ్ళించి, మా ఆవిడతో మాట్లాడి సంబంధం ఖాయం చేసుకున్నానని ఆ కథ. బంధువుల్లో ఎవరింట్లో నెట్ ఆగినా "బావను పిలవండి, రేకు పెడతాడు" అంటారు. ఇన్నేళ్ళుగా నేనూ కాదనకుండా నవ్వుతూ వచ్చాను. ఆ కథలో రేకు ఒక్కటే నిజం. మిగతాది సరిదిద్దకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. తడ దగ్గర ఒక కంపెనీలో, స్టోర్స్‌లో అసిస్టెంటుని. అంటే నట్లూ బోల్టులూ అడిగినవాళ్ళ చేత సంతకం పెట్టించుకుని ఇచ్చే పని. సంబంధం తెచ్చిన మా పెదమామ ఈ ఉద్యోగాన్ని నోట్లో వేసుకుని కాస్త నమిలి, కావలిలో అమ్మాయి వాళ్ళింట్లో "ఇంజనీరు" అని బయటపెట్టాడు. నేను కాదనలేదు (ఔననీ అనలేదు, కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాను). అమ్మాయి అక్కడొక ఆస్పత్రిలో నర్సు. పెళ్ళిచూపుల్లో పదిమంది మధ్యలో సరిగా చూడలేదనీ, వాళ్ళన్న కంప్యూటర్‌లో ఎదురెదురుగా నాలుగు మాటలు మాట్లాడాకే సంగతి చెప్తాననీ అందట. ఫోను సరిపోదా అని వాళ్ళన్న అడిగితే, "ఫోన్లో అబద్ధం వినపడదు, ముఖంలో అయితే కనపడుద్ది" అందట. పెదమామ ఈ మాట పడీ పడీ నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. మర్నాడే నాయుడుపేట పోయి డాంగిల్ కొనుక్కొచ్చాను.

నేనుండేది టీచరమ్మ గారి మిద్దె మీద ఒంటి గదిలో. ఆమె మిషన్ బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యారు, కింద ఒక్కరే ఉండేవారు. పెరట్లో కొబ్బరాకుల పందిరి కింద పెట్టెల భాయ్ పనిచేసేవాడు. హాస్టలు పిల్లలకు, కొత్త కాపురాలకు రేకు పెట్టెలు చేస్తాడు కాబట్టి ఊరంతా ఆయన్ను అలాగే పిలిచేది. నాకంటే పదిహేనేళ్ళు పెద్దయినా నన్ను సార్ అనేవాడు. పొద్దున్నే రేకులకు తుప్పు పట్టకుండా మొదటి పూత పూసి, మిద్దె మీదికి మోసుకొచ్చి, నా కిటికీకి ఎదురుగా పిట్టగోడకు వరసగా ఆనించి, గాలికి పడకుండా కింద ఇటుకలు పెట్టేవాడు. చెట్ల నీడ పడే ఆ పెరట్లో అవి ఆరవు. పదకొండు దాటాక ఆరిన రేకులను కిందికి దించుకుపోయి సుత్తి అందుకునేవాడు. నాది సెకండ్ షిఫ్టు. మధ్యాహ్నం దాకా గదిలోనే ఉంటాను గనుక ఆ సుత్తి దెబ్బల్లో సగం రేకు మీద, సగం నా తల మీద పడేవి.

మొదటిసారి మాట్లాడుకున్నప్పుడు పదిన్నరకు మొదలుపెట్టాం. కావలిలో ఎండల గురించి, దొరవారిసత్రంలో ఎండల గురించి అరగంట పైనే చెప్పుకున్నాం. ఆ తర్వాత ఆమె ముందుకు వంగి, కంపెనీలో నా డ్యూటీ ఏమిటని అడిగింది. నేను నోరు తెరిచాను. తెరమీద ఆమె ముఖం అలాగే బిగుసుకుపోయింది. డాంగిల్ చూస్తే ఎర్రలైటు. కింద టంగు టంగుమని సుత్తి. రెండోసారీ అదే ప్రశ్న దగ్గర తెగింది. మూడోసారీ అంతే. (నిజం రాస్తానన్నాను గనుక రాస్తున్నాను: మొదటిసారి, మూడోసారి దానంతటదే పోయింది. రెండోసారి మాత్రం ప్రశ్న సగంలో ఉండగా, కిటికీ దగ్గర వేలాడే డాంగిల్ వైరుకు ఒక మోచెయ్యి తగిలింది. గదిలో వేరేవాళ్ళు ఎవరూ లేరు.) ఆ సాయంత్రమే వాళ్ళన్న ఫోను చేశాడు. మంచివాడు, నొప్పించకుండా చెప్పడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. "మా చెల్లెలు ఏమంటా ఉందంటే బావా, డ్యూటీ మాట ఎత్తేసరికి మీరే పీకేస్తా ఉండారంట." వచ్చే ఆదివారం పదిగంటలకు ఆఖరుసారి మాట్లాడుతుందనీ, అప్పుడూ తెగితే ఇక తను బలవంతం చేయలేననీ అన్నాడు.

ఆమె నన్ను అనుమానించింది. నేను పెట్టెల భాయ్‌ని అనుమానించాను. ఒక నోటుబుక్కు తీసుకుని ఒక వరసలో సుత్తి మొదలైన టైము, పక్క వరసలో ఎర్రలైటు వెలిగిన టైము రాయడం మొదలుపెట్టాను. మూడు రోజుల్లో రెండు వరసలూ అచ్చుగుద్దినట్టు కలిసిపోయాయి. డాంగిల్ అమ్మినతను తన ఫోన్లోంచి తల ఎత్తకుండానే, చుట్టుపక్కల ఇనుముంటే సిగ్నల్‌ను లాగేసుకుంటుందని తేల్చి చెప్పాడు. ఇంకేం, అప్పటిదాకా మామూలుగా కనిపించినవన్నీ సాక్ష్యాలయిపోయాయి. భాయ్ పనిచేస్తూ మాటిమాటికీ నా కిటికీ వైపు ఎందుకు చూస్తాడు? మెట్ల దగ్గర ఎదురుపడితే "లైను దొరికిందా సార్" అని ఎందుకడుగుతాడు, దొరకలేదని ముందే తెలిసినట్టు? నా నెట్ పోయిన వేళకే ఆయన పందిట్లో రేడియో అంత స్పష్టంగా ఎట్లా పాడుతుంది? (నా సిగ్నల్ తాగి పాడుతోందని రాసుకున్నాను. నేను కంప్యూటర్ కోర్సు పాసైనవాణ్ణి.) ఒకరోజు పైకి టీ పంపించాడు. తాగాను గానీ, ఎందుకు పంపించినట్టని సాయంత్రం దాకా ఆలోచించాను.

గురువారం టీచరమ్మ గారి దగ్గరికి పోయి, నా భవిష్యత్తు అంతా ఆ లైను మీద ఆధారపడి ఉందనీ, మిద్దె మీద ఇనుము దాన్ని మింగేస్తోందనీ చెప్పాను. నోటుబుక్కు కూడా చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని రెండు వరసలూ పరీక్ష పేపరు దిద్దినంత శ్రద్ధగా చూశారు. భాయ్ ఎనిమిదేళ్ళుగా అక్కడ పని చేసుకుంటున్నాడని నెమ్మదిగా ఒక మాటన్నారు. నేను మళ్ళీ నోటుబుక్కు చూపించాను. "కంప్యూటరు చదివినోడివి, నీకు తెలిసినంత నాకేం తెలుసు నాయనా" అని, ఇక రేకులు పైన పెట్టవద్దని ఆ సాయంత్రమే ఆయనకు చెప్పారు. రేకులు ఆరబెట్టుకునే చోటు లేకపోతే ఆ పందిరి దండగ. భాయ్ వాదించలేదు. రైల్వే గేటు దగ్గర తెలిసినవాళ్ళ షెడ్డులో ఒక మూల అడిగి, శుక్రవారం, శనివారం తోపుడు బండి మీద సామానంతా చేరవేసుకున్నాడు.

చిత్రమేమిటంటే శుక్రవారం పొద్దున్నుంచి నాకు నీలం లైటు కనపడనే లేదు. ఇంతకుముందు పదకొండు దాకా అయినా ఉండేది, ఇప్పుడు రోజంతా ఎరుపే. ఎవరైనా అయితే ఆ పాటికి అనుమానం తన మీదికి తిప్పుకునేవాళ్ళు. నేను మాత్రం, పోతూ పోతూ ఇనుమేదైనా దాచిపోయాడేమోనని నీళ్ళ ట్యాంకు వెనకంతా వెతికాను.

ఆదివారం టీచరమ్మ గారు చర్చికి వెళ్ళారు. తొమ్మిదిన్నరకు నేను ఎడమచేతిలో ల్యాప్‌టాప్, కుడిచేతిలో వైరు చివర వేలాడే డాంగిల్ పైకెత్తి పట్టుకుని, మిద్దె నాలుగు మూలలా తిరుగుతున్నాను. చివరి రేకు, దాన్ని పెట్టి కొట్టే దాగలి దిమ్మ తీసుకుపోదామని వచ్చిన భాయ్ పెరట్లోంచి తలెత్తి చూశాడు.

"ఏం సార్, లైటు ఎర్రగా ఉండాదే?"

సిగ్నల్ లేదని ముక్తసరిగా అన్నాను.

"రేకులు ఆరేస్తే నీలంగా వెలుగుతాది కదా సార్. దించితే ఎర్రగా అయిపోతాది. ఈడ కూర్చుని తలెత్తితే మీ కిటికీలో లైటే కనపడేది, రోజూ చూస్తానే ఉన్నా." నిజంగానే అర్థంకానట్టు అడిగాడు. "మీకు తెలవదా? తెలిసే తీసేయమన్నారు, చదువుకున్నోళ్ళకు ఏదో లెక్క ఉంటాదిలే అనుకున్నా."

గదిలోకి పోయి నోటుబుక్కు తెరిచాను. అంతా అందులోనే ఉంది. నీలం వెలిగిన ప్రతి పొద్దూ ఎదురుగా రేకులున్నాయి. టవరు రోడ్డు వైపు, అంటే గది వెనక ఉంది. గోడలు దాటి రాలేని సిగ్నల్ గది మీదుగా పోయి ఆ రేకులకు తగిలి, వెనక్కి తిరిగి నా కిటికీలోకి వస్తోంది. భాయ్ రేకులు దించినప్పుడు లైను పోయేది. దించాక సుత్తి మొదలుపెట్టేవాడు. నేను సుత్తినే తప్పు పట్టాను. నా ఇంట్లోకి రోజూ సిగ్నల్ తెచ్చి పోస్తున్నవాణ్ణి దొంగని చేసి వెళ్ళగొట్టాను.

బయటికొచ్చి, ఇంకో పావుగంటలో ఏం జరగబోతోందో ఆయనకు చెప్పాను. మొత్తం వినలేదు, రేకు నెత్తిన పెట్టుకుని అప్పటికే మెట్లెక్కుతున్నాడు. పిట్టగోడకు ఆనిస్తే పులికాట్ సరస్సు మీది గాలికి ఒంటి రేకు నిలవలేదు. దాంతో నిలువుగా రెండు చేతులతో పట్టుకుని, నేను లైటు చూసి చెప్తుంటే అటూ ఇటూ జరిగాడు. ఎరుపు, ఎరుపు, పచ్చ, ఇంకొంచెం ఎడమకు భాయ్, నీలం. "కదలను సార్, మీరు కానీండి. టీచరమ్మ వచ్చేలోగా ముగించండి, రేకు పైకి తెచ్చినానని కోప్పడతాది" అన్నాడు రేకు వెనక నుంచి.

వైరు పొట్టిది. డాంగిల్‌ను కిటికీ ఊచకు కట్టి, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. ఈసారి ఆమె ఎండల గురించి మాట్లాడలేదు, మొదటే డ్యూటీ ఏమిటని అడిగింది. అలవాటుగా వెనక్కి తిరిగి లైటు చూశాను. నిండుగా నీలం. మోచెయ్యి ఖాళీగానే ఉంది గానీ, అవతల ఒక మనిషి ఎండలో నిలబడి మోస్తున్నదాన్ని పీకడానికి చెయ్యి రాలేదు. చెప్పేశాను. స్టోర్స్‌లో అసిస్టెంటుని, ఇంజనీరును కాను, నట్లూ బోల్టులూ ఇస్తాను. ఆమె ఎంతసేపు కదలకుండా ఉండిపోయిందంటే లైను పోయిందేమోనన్న ఆశ కూడా కలిగింది. పోలేదు, కళ్ళార్పింది. ఇన్నిసార్లు ఎందుకు కట్ చేశారని అడిగింది. రెండోసారి ఒక్కటే నేనన్నాను. అప్పుడు నవ్వింది. ఇంకో అరగంట మాట్లాడి, వాళ్ళన్నతో చెప్తానని తనే ఆపేసింది. పది నలభై అయింది.

భాయ్ రేకు నెత్తిన పెట్టుకుని మెట్లు దిగుతుండగానే గేటు చప్పుడైంది. టీచరమ్మ గారు చేతిలో బైబిలుతో ఎండకు కొంగు కప్పుకుని వచ్చి, పైన ఉన్న నన్ను చూసి ఆగారు. "ఏం నాయనా, రేకులు తీసేసినాక నీ లైను బాగుపడిందా?" అన్నారు. ఇన్నేళ్ళుగా నేను సరిదిద్దాలనుకుంటున్నది ఇదే. లేదమ్మా, ఆ రేకులే కావాలి, తప్పు నాదే అంటే సరిపోయేది. నోటుబుక్కు రెండుసార్లు చూపించి వాదించిన నోటితో ఆ మాట రాలేదు. "బాగుందమ్మా" అన్నాను. మెట్ల మధ్యలో రేకు ఒక్క క్షణం ఆగింది. తర్వాత దిగిపోయింది. తోపుడు బండి దగ్గర భాయ్ తలెత్తి, "వస్తా సార్" అన్నాడు, రోజూ అనేట్టే. వచ్చేవారం టీచరమ్మ గారితో చెప్దామనుకున్నాను. వచ్చేవారం తాంబూలాలు పుచ్చుకున్నారు. పెళ్ళిలో ఎవరో అడిగితే రేకు కథ చెప్పాను, భాయ్ ఉండాల్సిన చోట నన్ను నిలబెట్టి. రైల్వే గేటు వైపు నుంచి నా బస్సు పోయినప్పుడల్లా, ఆయన కంటపడకుండా రెండోవైపు కిటికీలోంచి చూసేవాణ్ణి.

పోయిన నెల ఇల్లు సర్దుతుంటే పాత బ్యాగులో డాంగిల్, నోటుబుక్కు దొరికాయి. మా ఆవిడను కూర్చోబెట్టి, తిట్లకు సిద్ధపడి, మొత్తం చెప్పాను. ఆమె బట్టలు మడతపెడుతూ విన్నది.

"ఆ రోజు మీ ముఖం ఏడ కనపడింది? కిటికీకి వీపు పెట్టి కూర్చుని బొగ్గుముద్ద మాదిరి ఉండారు" అంది. "వెనక ఎవరో రేకు పట్టుకుని ఉండాడు. వేళ్ళూ కాళ్ళూ తప్ప ఏం కనపడలా. మధ్యమధ్య చేతులు లాగి కాస్త దించి మళ్ళీ ఎత్తుకుంటా ఉండాడు. ఇంజనీరు కాకపోతే పోనీ, ఈయన కోసం ఎండలో అంతసేపు నిలబడే మనిషి ఉండాడంటే, ఈయన నలుగురితో మంచిగా ఉండేవాడే అనుకున్నా."

మరి నేను రేకు కథ చెప్పినప్పుడల్లా ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

"నిజం ఎప్పుడు చెప్తారా అని చూస్తా ఉన్నా" అంది.

ఈ ఆదివారం దొరవారిసత్రం రైల్వే గేటు దగ్గరికి ఇద్దరం పోతున్నాం. ఆ రేకు వెనక ముఖం ఎట్లా ఉంటుందో చూడాలంటోంది. ఆయన ఇంకా పెట్టెలు చేస్తున్నాడో లేదో, ఆ షెడ్డయినా ఉందో లేదో తెలియదు. టీచరమ్మ గారితో చెప్పే అవకాశం ఇక లేదు, ఆమె పోయి నాలుగేళ్ళయింది. నిన్న నోటుబుక్కు చివరి పేజీ తిప్పాను. ఇరవై ఎనిమిదేళ్ళ నేను, తలుపేసుకుని, ఎవరూ చదవని పుస్తకంలో, గుండ్రటి అక్షరాలతో ఆ రోజు లెక్క రాసుకున్నాను. చదివితే ముందు నవ్వొచ్చింది. "ఆదివారం. పది నుంచి పది నలభై దాకా నీలం. కారణం తెలియదు."