దారి తెగిన చోటు

రెసీఫి నగరంలో అఫొగాదొస్ పేటలో ఉండే జుసారాకి ముప్ఫయ్యొకటో ఏట నీటికాసుల జబ్బుతో చూపు పోయింది. అంతకుముందు ఆమె బట్టల మిల్లులో గుమాస్తా. ఆ తరువాత తొమ్మిదేళ్లు ఒక ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా చేసింది. చూపు లేనివాళ్లకు అక్కడ తేలిగ్గా దొరికే ఉద్యోగం అదే. ఫోన్లు మోగని మధ్యాహ్నాల్లో, తెర మీది అక్షరాలను చదివి వినిపించే కంప్యూటరు ముందేసుకుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. నలభై దాటాక, ఆసుపత్రులకు మందులు పంపే ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామరుగా చేరింది.

అక్కడికి వచ్చే ఆర్డర్లన్నీ ఒకదాని కడుపులో ఒకటి ఉండేవి. ఊళ్లో ఆసుపత్రి, ఆసుపత్రిలో వార్డు, వార్డులో మంచం, మంచం మీది రోగికి మందు, మందుకి మోతాదు. ఈ పొరల్లో తిరగడానికి అందరూ ఒకే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము ముక్కల మూట, వాడేవారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా మార్పులు రాసి పంపవచ్చు. "లోపలికి", "పక్కకి", "పైకి" అని చెబితే అది నడిచేది. ఏదైనా మార్చమంటే అసలుదాన్ని ముట్టకుండా, మార్పుతో కొత్త ప్రతి చేసి ఇచ్చేది. ఆ పద్ధతి జుసారాకి నచ్చింది. నచ్చనిది ఒకటే. నడకలో ఒక మెట్టు లేకపోతే "శూన్యం" అని ఊరుకునేది. ఎక్కడ ఆగిందో చెప్పేది కాదు.

పక్క సీటులో కూర్చునే ఎవాంద్రొకి దానితో ఇబ్బంది లేదు. ఆర్డరు మొత్తం తెర మీద పరిచి, ఒక్క చూపులో తప్పు పట్టేసేవాడు. జుసారా చెవిలో అదే ఆర్డరు "బ్రాకెట్, బ్రాకెట్, కామా, బ్రాకెట్" అంటూ నలభై నిమిషాలు సాగేది.

ఒక మార్చి నెలలో కరువారు అనే ఊరి ఆసుపత్రి పిల్లల వార్డు ఆర్డర్లు ఖాళీగా రాసాగాయి. ఆమె రోజున్నర కూర్చుని విన్నది. చివరికి తేలిందేమంటే, అక్కడివాళ్లు వార్డు పేరు మార్చారు, ప్రోగ్రాము ఇంకా పాత పేరే వెతుకుతోంది.

"నన్ను పిలిస్తే రెండు నిమిషాల్లో చూసి చెప్పేవాణ్ణి కదక్కా," అన్నాడు ఎవాంద్రొ.

"నీ కళ్లు సెలవు పెట్టి సముద్రానికి పోతే అప్పుడేం చెయ్యను?"

"నేను సెలవు పెట్టి మూడేళ్లయిందక్కా."

"అదీ నిజమే. వెళ్లు ఒకసారి."

ఆ శనివారం ఆమె లైబ్రరీనే విప్పి కూర్చుంది. మెట్టు తప్పితే ఎంతవరకు వచ్చామో, ఏది దొరకలేదో, ఆ చోట ఏయే పేర్లున్నాయో చెప్పేలా మార్చింది. రెండు వారాలు పట్టింది. లైబ్రరీని చూసుకునే తెల్మొ అనే ఆయనకు పంపింది. ఆయనది దూరాన దక్షిణాదిలో ఉన్న పోర్తు అలెగ్రి. ఎన్నడూ కలిసింది లేదు. జవాబు రెండు ముక్కల్లో వచ్చింది: "శూన్యం వస్తుందని నమ్మి ఎంతోమంది ప్రోగ్రాములు రాసుకున్నారు. ఇది పెడితే అవి విరుగుతాయి."

రాత్రి భోజనాల దగ్గర ఆమె ముఖం చూసి, సిటీ బస్సు నడిపే భర్త జెనివాల్ అడిగాడు.

"ఏమంటాడు మీ దక్షిణాదివాడు?"

"కుదరదంటున్నాడు."

"వాడికేం తెలుసు?"

"తెలుసు. వాడు చెప్పింది సరైనదే. అందుకే ఒళ్లు మండుతోంది."

"మండితే మండనీ, ముందు తిను. కుస్కూస్ చల్లారిపోతోంది."

మూడు వారాలు ఆమె దాని జోలికి పోలేదు. తరువాత పాత మెట్లను అలాగే వదిలేసి, పక్కన కొత్త మెట్ల వరస కట్టింది. కావలసినవాళ్లు అటు వెళ్తారు. తెల్మొ పరీక్షించి, నడక మందగించిందన్నాడు. నిజమే, ప్రతి అడుగుకీ ఆనవాలు రాసుకుంటూ పోతే మందగించక ఏమవుతుంది. నడక తప్పినప్పుడు మాత్రమే దారిని కూడగట్టేలా తిరగరాసింది. అప్పుడు ఆయన, ఒకసారి కంప్యూటరులోనే మాట్లాడుకుందామని కబురు పెట్టాడు.

"మీ తెర పంచుకున్నారు గానీ, నాకంతా నల్లగా కనిపిస్తోందండీ," అన్నాడు తెల్మొ.

"తెర మీద బొమ్మ రాకుండా ఆపేసి పెడతానండీ. నాకు దానితో పని లేదు. నాకు చూపు లేదు."

"ముందే చెప్పాల్సింది."

"చెబితే జాలిపడి తీసుకుంటారు. రేపు అందులో తప్పు దొరికితే తిట్లు తినేది నేనే కదా."

"జాలిపడే రకం కాదు నేను. మా ఆవిడనడగండి," అన్నాడాయన. తరువాత గంటంబావు పేచీ పెట్టాడు. ఏయే పేర్లున్నాయో చెప్పే భాగం తీసెయ్యమన్నాడు. ఆ పేర్లన్నీ ప్రోగ్రాము రాసుకునే తప్పుల చిట్టాకెక్కుతాయి, దాన్ని ఎవరెవరో చదువుతారు. పేర్లున్న చోట రోగుల పేర్లు కూడా ఉండవచ్చు. జుసారాకి అన్నిటికంటే పనికొచ్చేది ఆ భాగమే. అయినా తీసేసింది. ఆసుపత్రి ఫోను దగ్గర తొమ్మిదేళ్లు కూర్చున్న మనిషి, ఎవరి పేరు ఎవరి చెవిన పడకూడదో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

జూన్‌లో, వీధిలో సావ్ జొవావ్ పండగ మంటలు వేస్తున్న వారంలో, కొత్త మెట్లతో లైబ్రరీ వెలువడింది. పనిచేసినవాళ్ల పేర్లు ఆరు. ఆమెది నాలుగోది. ఎవాంద్రొ మొదట పట్టించుకోలేదు. వానాకాలం పోయేసరికి అతనూ కొత్త మెట్లే వాడుతున్నాడు.

మరుసటి ఏడు తెల్మొ లైబ్రరీ బాధ్యత సగం తీసుకోమని అడిగాడు. జుసారా రెండు రోజులు ఆలోచించి, బుధవారాలు మాత్రం చూస్తానంది. ఇప్పటికీ బుధవారాలు మాత్రమే చూస్తుంది. కొత్తవాళ్లు పంపే మార్పుల్లో ఎక్కువ భాగం కుదరదనే చెబుతుంది, ఎందుకు కుదరదో మాత్రం రెండు ముక్కలు కాకుండా పదైనా రాస్తుంది.