లైట్లు తీసేశాక

పక్కింటి టీవీలో పాత సినిమా నడుస్తోంది. కుట్టుమిషను ఆపి విన్నాను. "చిత్తం బాబుగారూ" అన్న ఆ బొంగురు గొంతు కామేశంగారిదే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. గుమస్తాగా, పూజారిగా, పెళ్ళికూతురి మేనమామగా లెక్కలేనన్ని సినిమాల్లో కనిపించిన మనిషి. ముఖం చూస్తే అందరూ గుర్తుపట్టేవారు, పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

తొంభైల చివర్లో ఆయన మద్రాసు వదిలి రాజమండ్రి తిరిగొచ్చారు. నేను పదో తరగతితో చదువు ఆపేసి, జాకెట్లు కుట్టుకుంటూ, మధ్యాహ్నాలు గ్రంథాలయంలో గడిపే రోజులవి. నవలల బీరువాలన్నీ చదివేశానని లోలోపల గర్వంగా ఉండేది. ఆయనా అక్కడికే వచ్చేవారు గానీ, పేపరు కోసం వచ్చే పెద్దలు ఆయన్ని చదువుకోనిచ్చేవారు కాదు. ఒకాయన, "ఆ సినిమాలో మీరు చచ్చిపోతారు కదండీ?" అని అడిగితే, "బతికిందెందులోనో చెప్పండి, నేనూ చూస్తాను" అన్నారు.

అప్పటికే ఆయన ఒక నవల రాశారు. రైసుమిల్లు యజమాని ఇంట్లో వంట చేసే సత్తెమ్మ కథ అది. ప్రచురణకర్త దాన్ని తిప్పి పంపి, సినిమా కబుర్లు రాసిస్తే వెంటనే వేస్తానన్నాడట. ఆయన ఒప్పుకోలేదు. తన పేరు నవలారచయితగానే అచ్చవ్వాలని పట్టు. లోపం ఎక్కడుందో తెలియక లైబ్రేరియన్‌ని అడిగితే, నవలల సంగతి ఈ అమ్మాయికే తెలుసని ఆయన నన్ను చూపించారు. అలా ఆ కాగితాల కట్ట నా చేతికొచ్చింది.

భాష బాగుంది, మనుషులు మన వీధిలోవాళ్ళలాగే ఉన్నారు. అయినా ఏదో వెలితి. మళ్ళీ మొదట్నుంచీ చదివితే తెలిసింది. మిల్లు యజమాని గది దాటగానే ప్రతి అధ్యాయమూ ఆగిపోతోంది. సత్తెమ్మ కథలో సత్తెమ్మ ఒంటరిగా ఎక్కడా లేదు. భయపడుతూనే అడిగాను.

"ఆయన వెళ్ళాక సత్తెమ్మ ఏం చేస్తుందండీ?"

కామేశంగారు కట్ట తీసుకుని, ఒక్కో అధ్యాయం చివరి పేజీ మాత్రం చూసుకుంటూ పోయారు.

"షూటింగులో హీరోగారు వెళ్ళిపోతే లైట్లు తీసేస్తారమ్మా. మేం మేకప్ తుడుచుకోడమే. అదే అలవాటు. ఇక్కడా తీసేశాను."

అక్కడక్కడా కాస్త కలిపితే సరిపోతుందేమో అన్నాను. "కలపడం కాదు. మళ్ళీ రాస్తాను" అన్నారు.

అప్పటికే ఆయన కుడిచెయ్యి వణికేది. అంతలో హైదరాబాదు నుంచి సీరియల్ వాళ్ళు తాతగారి వేషానికి పిలిచారు. నవల పూర్తయ్యేదాకా రానని చెప్పేశారు. ఆయన భార్యకు ఒళ్ళు మండింది. "వచ్చిన వేషం వదిలేసి ఏంటండీ ఈ గీకుడు? ఎవరు చదువుతారు?" అని నా ముందే అడిగారు.

"ఈ అమ్మాయి చదువుతుంది. ముందు ఒక్కళ్ళని చదవనీ."

చెయ్యి మొరాయించిన రోజున ఆయన చెబుతుంటే నేను రాసేదాన్ని. నచ్చని పేజీ చింపేయమనేవారు. నాకు ప్రాణం ఒప్పేది కాదు, ఆయనే చింపేవారు. ఏడాది దాటింది. కొత్త ప్రతిలో యజమాని వెళ్ళిపోయాక సత్తెమ్మ పొయ్యి ఆర్పదు. గిన్నె అడుగున మిగిలిన పిండితో తనకోసం ఒక అట్టు పోసుకుంటుంది. అది తినడానికి నాలుగు పేజీలు పట్టింది. ఆ పేజీలు చదివాకే మరో ప్రచురణకర్త నవల వేశాడు. అట్ట మీద తన ఫోటో వద్దని కామేశంగారు ముందే చెప్పారు.

ఆ తర్వాత చివరిదాకా ఆయన నవలలు రాస్తూనే ఉన్నారు. ఆయనకు రాసిపెడుతూనే నాకూ రాయడం పట్టుబడింది. ఇప్పుడు కథలు రాస్తున్నాను. కలం సాగనప్పుడు పెద్దమనుషులందర్నీ గదిలోంచి పంపించేసి, మిగిలినవాళ్ళు ఏం చేస్తారో చూస్తూ కూర్చుంటాను.