ఒక్క దెబ్బ కొమరయ్య

దేశం కాని దేశంలో, విండ్సర్ కార్ల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు వెల్డింగ్ చేసిన కొమరయ్యకు రెండు గర్వాలు. తాను వేసిన అతుకు ఊడిందని ఎవరూ వెనక్కి తేలేదు. పదమూడు నవంబర్లలో పదమూడు జింకలను కొట్టాడు, ఒక్కోదానికి ఒక్కటే బాణం. కరీంనగర్ వైపు అడవుల్లో పందుల వేటకు పోయిన తాత నేర్పిన పట్టింపు అది. దెబ్బ తిన్న జంతువు ప్రాణంతో తప్పించుకుపోతే, దాని ఏడుపు వేటగాడి ఇంటికొస్తుందనేవాడు తాత.

ఈ సంగతి జరిగేనాటికి రెండు మూడేళ్లుగా అతనుండే వీధి నిండా మన తెలుగు విద్యార్థులే, ఇంటికి ఎనిమిది మంది చొప్పున. వేట అయిన ఆదివారం అతని భార్య లక్ష్మమ్మ జింక కూర వండితే అందరూ వచ్చి వాలేవాళ్లు. "ఎన్ని దెబ్బలు అంకుల్?" అని ఒకరు అడగాలి, కొమరయ్య ఒక వేలు ఎత్తి చూపించాలి, అప్పుడు గాని లక్ష్మమ్మ గరిటె పట్టేది కాదు.

వాళ్ల బేస్‌మెంట్‌లో వర్షిణి అద్దెకుండేది. వరంగల్‌లో ఫిజియోథెరపిస్టు, ఇక్కడ ఆ సర్టిఫికెట్ చెల్లదు కాబట్టి కాలేజీలో ఇంకేదో కోర్సు, మిగతా పూట కాఫీ షాపు. కొమరయ్య బిగుసుకున్న కాళ్లతో మెట్లు దిగే తీరు చూసి ఆ పిల్లకు నోరు ఆగలేదు.

"అంకుల్, వేటకు పోయినప్పుడు గుడారంలో ఎట్లా కూర్చుంటారు?"

"చాప మీద, బాసింపట్లు వేసుకొని. మా తాత మంచె మీద గట్లనే కూసునేటోడు."

"మీ తాతకు అప్పుడు యాభై ఎనిమిదేళ్లు లేవు కదా. స్టూల్ మీద కూర్చోండి. పావుగంటకోసారి మడమలు తిప్పండి, బూటులోనే వేళ్లు ముడిచి విప్పండి, తొడలు బిగించి వదలండి. చప్పుడు కూడా రాదు. లేకపోతే లేవాల్సిన టైముకు కాళ్లు లేవవు."

"కుర్చీ మీద కూసుని వేటాడనీకి నేనేమన్న ఆఫీసరునా బిడ్డా," అని నవ్వాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి ఎవరు చెప్పగలరు?

వేట చూస్తానని ఆ నవంబరులో ఆమె కూడా వెళ్లింది. తెలిసిన రైతు పొలం, కోసేసిన మొక్కజొన్న చేను, దాని అంచున గుడ్డ గుడారం. తెల్లవారుతుండగా కూర్చున్నారు. మూడు గంటలు గడిచాయి. స్టూల్ మీద వర్షిణి బూట్లలో వేళ్లు కదిలిస్తూనే ఉంది. కొమరయ్య, తుపాకీలా మీట నొక్కి బాణం వదిలే క్రాస్‌బో ఒళ్లో పెట్టుకుని, చాప మీద హాయిగా ఉన్నాడు. నిజంగానే హాయిగా ఉంది, నొప్పి లేదు, అసలు కాళ్లున్నట్టే లేదు.

కొమ్ముల పోతు జింక ఒకటి వెనక పక్కనుంచి వచ్చింది. కొట్టాలంటే మోకాలి మీద లేచి పక్కకు తిరగాలి. లేచాడు. కుడికాలు మొద్దులా పడి ఉంది. ఒరిగిపోతూనే మీట నొక్కేశాడు. బాణం గుండెను వదిలి కడుపులోకి దిగబడింది. జింక నడుము విల్లులా వంచి అరిచింది. పదమూడేళ్లలో జింక అరుపు వినడం అతనికి అదే మొదలు.

క్రాస్‌బో ముందు భాగాన ఇనప రికాబు ఉంటుంది. అందులో పాదం పెట్టి తొక్కి, రెండు చేతులా తాడు లాగితేనే రెండో బాణం ఎక్కేది. తొక్కాడు. స్పర్శ లేని పాదం జారింది, విల్లు ఎగిరొచ్చి మూతి పగలగొట్టింది. పన్ను ఒకటి ఊడి చాప మీద పడింది. వర్షిణి అతని పిక్క పట్టుకుని పిసుకుతుండగానే జింక పేగు ఈడ్చుకుంటూ చెట్లలోకి పోయింది.

"దాని వెంట పోదాం పదండి అంకుల్."

"వద్దు," అన్నాడు రక్తం ఉమ్మి. "కడుపుల తగిలినదాన్ని తరిమితె మైళ్లు పోతది. వదిలేస్తె దగ్గర్ల పండుకొని సస్తది. నాలుగు గంటలు ఆగాలె."

కాలికి స్పర్శ వచ్చింది, సూదులు గుచ్చినట్టు. విల్లు బిగించి, రెండో బాణం ఎక్కించి కూర్చున్నాడు. చెట్లలోంచి ఉండుండి మూలుగు వినిపిస్తోంది. అది ఆగిపోవాలని కోరుకున్నాడు, ఆగిన ప్రతిసారీ మళ్లీ మొదలైంది. వర్షిణి చెవులు మూసుకుంది. అతను మూసుకోలేదు. ఆ పిల్ల సలహాకు నవ్వినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

రెండు గంటలయ్యాక మూలుగు కాస్తా కేకైంది. దాని వెంట గుర్రుమనే చప్పుళ్లు. కొమరయ్య పరుగెత్తాడు.

రెండు కయోటీలు, ఈ దేశపు తోడేలు నక్కలు, జింకను వెనకనుంచి తింటున్నాయి. అది బతికే ఉంది. ముందు కాళ్లతో నేలను గీరుతోంది. విల్లు వెనక భాగంతో ఒకదాని నడుము మీద మోదాడు, ఎముక విరిగిన చప్పుడుతో అది అక్కడే కూలింది. రెండోది నోట్లో ఉన్నదాన్ని వదలకుండా లాక్కుని పారిపోయింది. తల కదలకుండా కొమ్ము పట్టుకోబోతే జింక విదిలించింది, అరచేయి చీలిపోయింది. ఆ చేత్తోనే విల్లు ఎత్తి, మూర దూరంలోంచి గుండెలో కొట్టాడు. దాని కన్ను అతన్ని చూస్తూ ఉండగానే మసకబారింది.

వర్షిణి వచ్చి మఫ్లరుతో చేయి కట్టింది. నేను చెప్పలేదా అని ఆమె అని ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

ఆదివారం అందరూ వచ్చారు. చేతి కట్టు, పోయిన పన్ను చూసి అదేదో వీరగాథ అనుకున్నారు. కట్టు కట్టిన తనకే ఏమీ తెలియనట్టు వర్షిణి పళ్లేలు సర్దుతోంది. వికాస్ అనే కుర్రాడు ఉత్సాహంగా అడిగాడు, "అంకుల్, ఎన్ని దెబ్బలు?"

లక్ష్మమ్మ గరిటె అందుకుంది. కొమరయ్య కట్టున్న చేయే ఎత్తి రెండు వేళ్లు చూపించాడు.

"రెండు," అన్నాడు. "ఆ రెంటికి నడుమ రెండు గంటలు. నేను సుఖంగ కూసున్నందుకు, అది రెండు గంటలు సచ్చింది."

తన కంచం బోర్లించి, కూర అవతలికి జరిపాడు.