సూట్‌కేసు తూకం

వీడియో కాల్ ఎత్తగానే మా అమ్మ అనే మొదటి మాట, "చిక్కిపోయావే!" నేను ఒళ్ళు చేసి జాకెట్ల కుట్లన్నీ విప్పించుకున్న ఏడాది కూడా అదే మాట అంది. మా ఇంటి ఆడవాళ్ళకి ప్రేమ పుట్టిందంటే ఎదుటివాళ్ళ ఒంటి మీద ఒక మాట పడాల్సిందే. నాకూ ఆ నోరే వచ్చింది.

మా అమ్మాయికి పదిహేనేళ్ళు, అమెరికాలో, ఈ క్యారీ ఊళ్ళోనే పుట్టి పెరిగింది. ఈ ఏడాది జిమ్‌లో బరువులెత్తడం మొదలుపెట్టింది. "భుజాలేంటే, బస్తాలు మోసినట్టు అలా అయ్యాయి?" అన్నాను ఓ రోజు, నవ్వుతూనే. అది నవ్వలేదు.

"అమ్మా, నా బాడీ గురించి కామెంట్ చేయకు. సాటర్డే కాంపిటీషన్‌కి కూడా రావద్దు. అక్కడ కూడా ఏదో అంటావ్."

చురుక్కుమంది. పిల్ల మొదటి పోటీ! వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటోంది, బతిమాలడానికి పౌరుషం అడ్డం.

పోటీ ముందురోజు సాయంత్రం సూట్‌కేసులు సర్దుతున్నాం, వారంలో ఇండియా ప్రయాణం. ఇక్కడి తెలుగు ఇళ్ళలో బాత్రూం స్కేల్‌కి అసలు పని పడేది అప్పుడే. పెట్టెని నేరుగా దాని మీద పెడితే అంకె కనబడదు. అందుకని ఒక మనిషి పెట్టెని ఎత్తుకుని నిలబడాలి, తర్వాత మనిషి బరువు తీసేయాలి. ఆ మనిషి ఎప్పుడూ మా ఆయనే. ఈసారి ఆఫీసు పని మీద వేరే రాష్ట్రంలో ఉన్న నోవై వెళ్ళారు. నేను చస్తే ఎక్కను. నా బరువు పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఆయనకి కూడా తెలియనివ్వలేదు.

"నేను చేస్తా," అని మా అమ్మాయి స్కేలెక్కి, "వన్ ఫిఫ్టీ టూ పౌండ్స్!" అని ఇల్లంతా వినబడేలా అరిచింది. కిటికీ తెరిచి ఉందేమోనని చూశాను. అదేమో పెట్టెని పూలసజ్జలా ఎత్తి గుండెకి ఆనించుకుని మళ్ళీ ఎక్కింది.

"ఎక్కువైందమ్మా. చాక్లెట్స్ కొన్ని తీసెయ్."

చాక్లెట్లు ఎవరిక్కావాలి! నేను ఈడ్వలేక వదిలేసిన పెట్టె అది. ఒళ్ళు పులకరించింది. "ఇంకోసారి ఎత్తవే!" అన్నాను.

అది పెట్టె దింపి, నవ్వుతూ వచ్చి, ఒక్క ఉదుటున నన్నెత్తుకుంది.

"దింపవే, నడుం పట్టేస్తుంది!"

"పట్టదు. కదలకు."

ఎత్తుకునే స్కేలెక్కింది. అది లెక్క కట్టేలోపే నా బరువు నేనే గట్టిగా చెప్పేశాను. కింద అంకె చూసి, "కరెక్టే," అంది. ఆ మాట మీద ఇంకో మాట లేదు. ఇద్దరం పడీపడీ నవ్వాం.

"రేపు రానా?" అన్నాను.

"వస్తే నా పేరు పెట్టి అరవాలి. గట్టిగా."

పెళ్ళినాడు బుట్టలో కూర్చోబెట్టి నన్ను మోయడానికి మా మేనమామలు నలుగురూ పట్టారు, వాళ్ళూ ఆయాసపడ్డారు. దింపమని మళ్ళీ అడగలేదు నేను.