నగరి ఇంటికి ఆలస్యమైన అనుమతి

మొన్న తిరుపతిలో ఒక పాత సత్రం పైకప్పు మరమ్మతు చూడడానికి వెళ్లాను. తొట్టిలో సున్నం నానుతోంది. అందులో కలిపిన కరక్కాయ, బెల్లం నీళ్ల పులిసిన వాసన తగలగానే వసుంధర మేడమ్ గుర్తొచ్చారు. పాత కట్టడాల్లో మార్పులు చేసుకోవాలంటే అనుమతి ఇచ్చే మా కార్యాలయంలో ఆమె నా మొదటి పై అధికారి. చిత్తూరు మనిషి. కట్టడాన్ని కళ్లారా చూడకుండా దేని మీదా సంతకం పెట్టేవారు కాదు. గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవారు. "సిమెంటు పూసేసినారు. లోపలి చెమ్మ యాడికి పోతాది?" అని మేస్త్రీని నెమ్మదిగా అడిగేవారు. ఇంజనీరుగా కొత్తగా చేరిన నేను ఆమె వెనకాలే తిరుగుతూ పని నేర్చుకున్నాను.

ఒకసారి నగరిలో ఏకాంబరం అనే నేత పనివాడి ఇంటికి వెళ్లాం. వాళ్ల తాత కట్టిన మిద్దె ఇల్లు. నడిమింట్లో నున్నటి టేకు స్తంభాలు, వాటి మధ్య చేతిమగ్గాలు. చేతిమగ్గం గుడ్డ అమ్ముడుపోక మరమగ్గాలు పెట్టాలనుకున్నాడు. అవి పట్టాలంటే రెండు స్తంభాలు తీసెయ్యాలి. కాపాడవలసిన కట్టడాల్లో ఆ ఇల్లు ఉంది కాబట్టి మమ్మల్ని అడిగాడు.

మేడమ్ చాలాసేపు పైకప్పు చూశారు. "ఇవి తీస్తే మిద్దె నిలబడదప్పా. ఇనప దూలం వేసినా, మరమగ్గాల అదురుకు గోడలు బీటలిస్తాయి. పెరట్లో రేకుల షెడ్డు వేసుకో. దానికి నేను అనుమతి ఇప్పిస్తా."

ఏకాంబరం భార్య ధనమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి వింటోంది. "ఎన్నాళ్లు పడతాది మేడమ్?" అంది.

"ఎక్కువ రోజులు పట్టదులేమ్మా."

తిరుగు ప్రయాణంలో మేడమ్ సంతోషంగా ఉన్నారు. "వద్దని చెప్పడం ఎవురైనా చేస్తారు పాపా. వద్దన్నాక ఇంకో దోవ చూపించాల" అన్నారు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది.

మేం సిఫారసు చేసినా, షెడ్డుకు మా పైనున్న కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ చాలాకాలం కూర్చోలేదు. కూర్చున్నాక రేకుల రంగు గురించి సందేహం వచ్చి మళ్లీ వెనక్కి పంపింది. మేడమ్ ఫోన్లు చేశారు, స్వయంగా వెళ్లి అడిగారు. ఈలోగా ఏకాంబరం ఒకసారి ఆఫీసుకు వచ్చాడు.

"ఇంట్లో మగ్గాలు ఊరికే ఉండాయి మేడమ్. వేరేవాళ్ల దగ్గర కూలికి నేస్తా ఉండాను."

"ఇంకొంచెం ఓపిక పట్టప్పా" అన్నారామె, తల దించుకుని.

చివరికి అనుమతి వచ్చింది. దాన్ని మేమే తీసుకుని నగరి వెళ్లాం. ఇల్లున్న చోట చదును చేసిన నేల ఉంది. ఏకాంబరం ఇల్లు అమ్మేశాడని, కొన్నవాడు ఆఫీసులు మూసి ఉండే వరస సెలవుల్లో జేసీబీతో కూల్చేశాడని పక్కింటివాళ్లు చెప్పారు.

పుత్తూరులో వాళ్లు అద్దెకుంటున్న గది వెతుక్కుంటూ వెళ్లాం. ఏకాంబరం పనికి పోయాడు. ధనమ్మ చాప పరిచి, మంచినీళ్లిచ్చింది. మేడమ్ నీళ్లు తాగలేదు. "నావల్లే ఆలస్యమైంది ధనమ్మా" అన్నారు.

"మీరు మా మంచికే చెప్పినారు మేడమ్. మీ మాట మీదే కూర్చున్నాం. కుదరదని ఆ పొద్దే చెప్పుంటే మేము వేరే దోవ చూసుకునుందుము." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే మేడమ్‌కు కొంత తేలికగా ఉండేదేమో.

ఆ తర్వాత ఆమె ఎవరికీ ఏ భరోసా ఇవ్వలేదు. రిటైరయ్యాక ఒంట్లో బాగాలేదని తెలిసి చూడడానికి వెళ్లినప్పుడు, మాటల మధ్య తనే ఆ సంగతి ఎత్తారు. "ఇల్లు పోయిందని కాదు పాపా. నన్ను నమ్మి ఆగినారే, అదీ నా బాధ." కొన్ని నెలలకే ఆమె పోయారు.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. ఎవరొచ్చినా తేల్చేది నేను కాదని, ఎప్పటికి తేలుతుందో తెలియదని ముందే చెప్పేస్తాను. వాళ్ల మొహాలు చిన్నబోతాయి. కొందరు లేచి వెళ్లిపోయి, మళ్లీ మా గడప తొక్కకుండా ఇళ్లు పడగొట్టుకున్నారు. నేను అబద్ధం చెప్పలేదు, ఎవరినీ ఆపి ఉంచలేదు. అయినా ఆ ఇళ్లుండిన వీధుల్లో నడిచేటప్పుడు, వాళ్లను ఇంకాసేపు కూర్చోబెట్టి ఉండాల్సిందేమో అనిపిస్తుంది. మేడమ్ ఉంటే అడగాలని ఉంటుంది.