బంగారయ్య సొంతంగా వేసుకున్న బుష్షులు

బంగారయ్యకు షెడ్డు వాళ్ళంటే నమ్మకం లేదు. ఊరికే కాదు. కిరాయికి తిప్పడానికి అంబాసిడరు కొన్న కొత్తలో, వెనక చక్రాల మీద బరువు మోసే కమాను కట్టల బుష్షులు మార్చమని రాజమండ్రిలో ఎవరికో ఇచ్చి, భోజనానికి వెళ్ళొచ్చాడు. నెల తిరక్కుండా మళ్ళీ చప్పుడు. విప్పి చూస్తే పాత రబ్బరే, పైన నల్లరంగు పూసి పెట్టారు. ఇనుముకీ ఇనుముకీ మధ్యన మెత్తగా ఉండే ఆ రబ్బరు ముక్కలు అరిగిపోతే, గతుకు గతుక్కీ ఎవరో తలుపు బాదుతున్నట్టుంటుంది.

అందుకని తొంభై ఏడు ఎండాకాలంలో ఆ చప్పుడు తిరిగి మొదలైతే, బండిని కొబ్బరి దుంగల మీదకి ఎత్తి తనే పడుకున్నాడు కింద. పాతవి ఊడాయి కాని కొత్తవి దిగలేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తోసి తోసి వేళ్ళు చీరుకుపోయాయి.

"సత్యవతీ, కొబ్బరినూనె పట్రా" అని కేకేశాడు భార్యని.

ఆ ఇంట్లో కొబ్బరినూనె తలకీ, తాళానికీ, సైకిలు గొలుసుకీ కూడా. గానుగ నుంచి వచ్చిన డబ్బాలోంచి ఆవిడ గిన్నెడు ఒంపి తెచ్చింది. బుష్షుల్ని అందులో ముంచి నొక్కాడు. వేలితో తోస్తే దిగిపోయాయి.

"చూసేవా! షెడ్డులో అయితే సుత్తెట్టి బాదేవోరు."

"బానే ఉందండి. మీ బండికి తలంటు కూడా అయిపోయింది" అని నవ్వింది సత్యవతి.

బ్రేకుల పని మాత్రం ఆయనకు చేతకాదు. వర్షాలు పట్టాక మెకానిక్కు దానం షెడ్డుకి తీసుకెళ్ళాడు. రాజోలులో కాలవ పక్కన తాటాకు పాక అది. దానం వెనక చక్రాలు విప్పి బ్రేకులు చూసి బిగించాడు. అంతసేపూ బంగారయ్య వాడి నెత్తి మీదే నిలబడ్డాడు.

ఆ తరవాత కొద్దిరోజులకే మలికిపురం పెళ్ళివారిని ఎక్కించుకుని వెళుతుండగా, మలుపులో బండి వెనక భాగం పక్కకి జరిగింది. ఒక చక్రం కాలవగట్టు అంచు దాటి ఆగింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు గాని, పెళ్ళికూతురి మేనత్త పట్టుచీరతో బురదలో దిగి, "ఇదేం బండండీ బాబూ!" అంది.

"బండి మంచిదేనండీ. ఆ దానంగాడు చక్రాలిప్పి పాడు చేసేడు" అన్నాడు బంగారయ్య. అనుకున్నదే అన్నాడు. వెనక చక్రాల దగ్గర చెయ్యి పెట్టింది వాడొక్కడే కదా.

అక్కడితో ఊరుకోలేదు. కార్ల స్టాండులో అందరి ముందూ చెప్పాడు. షెడ్డుకెళ్ళి అరిచాడు. దానం లేచి నిలబడి, "ఆయ్, నేను బ్రేకులే చూసేనండి. ఆ కట్టల జోలికెళ్ళలేదండి" అన్నాడు. "నోర్ముయ్యరా" అనేసి వచ్చేశాడు బంగారయ్య. స్టాండులో బళ్ళు దానం దగ్గరకి వెళ్ళడం మానేశాయి.

ఓ ఆదివారం, దానం చేసిన తప్పేమిటో తనే సరిచేద్దామని బంగారయ్య బండి విప్పాడు. బ్రేకులు బాగున్నాయి. బోల్టులు బిగువుగా ఉన్నాయి. బుష్షు పట్టుకుంటే నీళ్ళలో నానిన రొట్టెలా చేతికి వచ్చేసింది. ఉబ్బి, జిగురై, నొక్కితే గుంటపడుతోంది. ఆ నలుపులోంచి కమ్మగా కొబ్బరినూనె వాసన. నూనె తాగిన రబ్బరు మెత్తబడి, మలుపులో కట్టలు పట్టు తప్పాయన్నమాట.

సత్యవతి వాకిట్లోంచి చూసి, "ఏమైందండి?" అంది. ఆయన బుష్షు చాపాడు. దగ్గరికి వచ్చి ఆవిడా వాసన చూసింది. తనే కదా ఒంపి ఇచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

మర్నాడు ఆ ముక్కలు కాగితంలో చుట్టుకుని షెడ్డుకి వెళ్ళాడు. ఖాళీగా ఉంది. దానం గోనెపట్టా దులిపి వేశాడు కూర్చోమని. ఎప్పుడూ "ఏరా" అని పిలిచే మనిషికి ఆవేళ పిలుపే నోటికి రాలేదు. పొట్లం విప్పి ముందు పెట్టి, "నేనే నూనె రాసేను" అన్నాడు.

దానం చూశాడు. నవ్వలేదు. "నేను చెయ్యలేదని నాకు ముందే తెలుసు కదండి. నాకు చెబితే ఏం లాభమండి? స్టాండులో చెప్పండి."

"చెబుతాను. బండి రేపు తెస్తాను, నువ్వే వెయ్యి."

"వద్దండి. మీ బండి ముట్టుకుంటే నాకు చెయ్యాడదండి. ఏమనుకోకండి."

స్టాండుకి నడిచి వెళ్ళాడు. కొండబాబు, ఇంకా నలుగురైదుగురు డ్రైవర్లు పేకాడుతున్నారు. నిలబడే చెప్పాడు, పొట్లం చూపించి.  కొండబాబు పొట్టపట్టుకుని నవ్వాడు.

"బుష్షులకి తలంటు పోసేరా బాబాయిగారూ! కుంకుడురసం కూడా పొయ్యలేకపోయేరా?"

అందరూ నవ్వారు. తిడతారేమోనని వచ్చాడు ఆయన. తిడితే బాగుండేది.

"నవ్వితే నవ్వండిరా. బళ్ళు మాత్రం దానం దగ్గరకే తీసుకెళ్ళండి" అన్నాడు.

"మరి మీరో?" అన్నాడు కొండబాబు.

బంగారయ్య పొట్లం మడిచి చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టాడు. దానం వద్దన్నాడని మాత్రం వాళ్ళకి చెప్పలేదు.

బళ్ళు తిరిగి ఆ షెడ్డుకి వెళ్ళాయి. బంగారయ్య బండి మాత్రం, అమ్మేసేదాకా, చిన్న పనికైనా రామచంద్రపురమే వెళ్ళింది. ఎందుకంత దూరమని ఎవరైనా అడిగితే, అక్కడ మనకి తెలిసినోళ్ళున్నారు అనేవాడు. ఎవరూ లేరు. ఆ షెడ్డు ముందు నుంచి బంగారయ్య బండి వెళ్ళేటప్పుడు దానం ప్రతిసారీ చెయ్యెత్తి దండం పెట్టేవాడు. ఆయన కాలవ వైపు చూస్తూ బండి పోనిచ్చేవాడు.