డ్రాగన్ కళ్లు గీకిన రోజు

నా చిన్నప్పుడు మేము చండ్రుగొండ దగ్గర, అడవి అంచున ఉన్న ఊళ్లో ఉండేవాళ్లం. మా తాతయ్య కోస్తా నుంచి వచ్చి అక్కడ పొలం కొన్నారు. అంతకుముందు, వయసులో ఉండగా, రంగూన్‌లో కలప మిల్లులో పనిచేశారు. అక్కడినుంచి తెచ్చుకున్న నల్లటి చెక్కపెట్టె ఒకటి ఆయన మంచం పక్కనే ఉండేది. మూతమీద బంగారు రంగులో ఒక వింత జంతువు. పాములా మెలికలు తిరిగిన ఒళ్లు, కొమ్ములు, మీసాలు, మనల్నే గుడ్లురిమి చూస్తున్నట్టుండే కళ్లు. దాన్ని డ్రాగన్ అంటారని తాతయ్య చెప్పారు. నేను మాత్రం ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లేదాన్ని కాదు.

ఒక ఏడాది వానలు బాగా ఆలస్యమయ్యాయి. మిరపనారు వాడిపోతోంది. బడిలో ఒక పిల్ల, "మీ ఇంట్ల రాక్షసి బొమ్మ ఉన్నదంట గదా. గందుకే వాన వస్తలేదు" అంది. నేను నమ్మేశాను. ఆ మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మేకు తీసుకుని దాని రెండు కళ్లూ గీకేశాను.

సాయంత్రం తాతయ్య చూశారు. పెట్టెను వాకిట్లో వెలుతురుకి తెచ్చి, గీతలను ఒక్కొక్కటిగా వేలితో తడిమారు. నాకు ఏడుపొచ్చింది. అంతా చెప్పేశాను.

అప్పుడే మాకు తేనె అమ్మే కోయ పెద్దమ్మ వచ్చింది. నా మాటలు విని, పెట్టె మీదికి వంగి చూసి, "గిదేం రాక్షసి బిడ్డా? కొమ్ములు దుప్పివి. గోళ్లు గద్దవి. పొలుసులు చేపవి. అన్నీ మనకు ఎరుకైనవే గదా" అంది.

తాతయ్య ముఖం వెలిగింది. ఆ పెట్టె చేసిన చీనా వడ్రంగి కూడా అచ్చం అలాగే చెప్పాడట. రంగూన్‌లో పక్కింట్లో ఉండేవాడు. తాతయ్య ఆ ఊరు వదిలే రోజున ఈ పెట్టెను చేతిలో పెట్టి పంపాడు. వాళ్ల దేశంలో డ్రాగన్ మబ్బుల్లో తిరుగుతుందని, వాన తెస్తుందని నమ్ముతారట. వాళ్ల కథ ఒకదానిలో ఒక చిత్రకారుడు గోడమీద నాలుగు డ్రాగన్లను గీసి, ఎగిరిపోతాయేమోనని కళ్లు పెట్టలేదట. జనం నవ్వితే వాటిలో రెండింటికి కళ్లు పెట్టాడు. ఉరుములు ఉరిమి, గోడ పగిలి, ఆ రెండూ ఆకాశంలోకి లేచిపోయాయి.

"అయితే నేను కళ్లు తీసేశాను కాబట్టి ఇక వాన రాదా తాతయ్యా?" అని అడిగాను.

"ఇది బొమ్మేనమ్మా. వానను తెచ్చేదీ కాదు, ఆపేదీ కాదు. నా స్నేహితుడు ప్రేమగా వేసిన బొమ్మ, అంతే" అన్నారు. గొంతు కాస్త వణికింది. ఆయన కొట్టి ఉంటే ఆ దెబ్బ ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆ వణుకు మరిచిపోలేదు.

వాన మరో పది రోజులకు పడింది. మిరపనారు సగమే దక్కింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. తెలియని మనిషో, తెలియని దేవుడో, తెలియని తిండో ఎదురై మనసు వెనక్కి తగ్గినప్పుడు, నేను ఒక అడుగు ముందుకే వేస్తాను. ఆ మనిషినో, దేవుణ్నో, తిండినో ప్రేమించేవాళ్లు ఎవరో వెతికి, వాళ్లనే అడిగి తెలుసుకుంటాను.